కొండదారిలో ఇంటివారితో

కదిరి నేలను వేసవిలో మాత్రమే చూసినవారు శరదృతువులో చూస్తే, ఇది ఆ ఊరేనా అని సందేహపడతారు. అనంతపురం పీఠభూమిపై ఏడాది మొత్తానికి కురిసే వర్షం సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే తమ బరువు దించుకొని మా వద్దకు దాదాపు ఖాళీగా వస్తాయి. ఈశాన్య మేఘాలు ముందు కోస్తాను తడిపి, మిగిలినది మాకు తెస్తాయి. ఆ మిగిలిన కాస్త వానకే చిత్త, స్వాతి కార్తెలలో గుట్టలు పచ్చబడతాయి. పొలాల్లో శెనక్కాయ పీకుడు మొదలవుతుంది. బండల సందుల్లో ఎవరూ నాటని, ఎవరూ నీరు పోయని సీతాఫలం చెట్లు కాయలతో వంగుతాయి. చనిపోయిన నేలను వర్షంతో బ్రతికించడాన్ని అల్లాహ్ తన గ్రంథంలో పదే పదే పునరుత్థానానికి నిదర్శనంగా చూపాడు. ఆ నిదర్శనం కోసం మేము దూరం పోనక్కరలేదు. ప్రతి ఏటా ఈ రెండు మాసాలలో అది మా ఊరి చుట్టూ పరచుకొని ఉంటుంది.

ఇరవై ఆరేళ్లుగా మదరసాలో బోధిస్తున్నాను. ఈ ఋతువులో ఒక రోజు పెద్ద తరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని ఏదో ఒక కొండకు నడక సాగించడం నా అలవాటు. గాషియా సూరాలో ఒంటె, ఆకాశం, పర్వతాలు, భూమి అనే నాలుగింటిని పరికించి చూడమని అల్లాహ్ పురికొల్పిన వైనాన్ని గదిలో కూర్చొని చెప్పడం వేరు, బండ మీద కూర్చొని చెప్పడం వేరు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తొలి వహీని అందుకున్న హిరా గుహ కొండ మీదిదే. హిజ్రత్ వేళ హజ్రత్ అబూబక్ర్ (రజి)తో కలిసి మూడు రాత్రులు తలదాచుకున్న సౌర్ గుహ కూడా కొండ మీదిదే. ఈ సంగతులన్నీ పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. నా ఇంట్లో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు, చూపలేదు. ఆ లోపం నాకు తెలిసింది గత ఏడాదే.

ఒక ప్రశ్న

మా తల్లిగారు తొమ్మిదేళ్లు మంచం మీద ఉండి అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆ తొమ్మిదేళ్లూ ఆమెకు అన్నం పెట్టింది, పక్క మార్చింది, రాత్రివేళ లేచి నీళ్లు తాగించింది నా భార్య. నేను ఆమె కుమారుణ్ణి. అయినా ఆ సేవలో నా వంతు ఎంత అని అడిగితే తలదించుకోవలసిందే. అత్తగారు పోయిన తర్వాత ఆమె చేతులు ఖాళీ అయ్యాయి గాని, మనసు తేలికపడలేదు. ఇల్లు దాటడం మానేసింది. పిలిచిన పెళ్లిళ్లకూ వెళ్లేది కాదు. వైద్యురాలికి చూపిస్తే రక్తపరీక్షలు చేయించి, "జబ్బేమీ లేదు. వెలుతురులో నడవాలి, నలుగురితో మాట్లాడాలి" అని చెప్పి పంపారు. ఆ మాట నేను విని ఊరుకున్నాను.

ఆ అక్టోబరులో మా అమ్మాయి పుట్టింటికి వచ్చింది. మరునాటి విద్యార్థుల నడక కోసం నేను సంచి సర్దుకుంటుండగా వాకిట్లో నిలబడి అడిగింది: "అబ్బా! భూమిలో సంచరించి చూడమని అల్లాహ్ ఆజ్ఞాపించాడని మీరే చెబుతారు కదా. ఆ ఆజ్ఞ మదరసా పిల్లలకేనా? అమ్మీకి వర్తించదా?"

నేను వ్యాకరణం బోధించేవాణ్ణి. 'సీరూ' అనే ఆ క్రియ పుంలింగ బహువచనంలో ఉన్నదని మొదటి ఏడాది విద్యార్థికీ తెలుసు. నమాజును స్థాపించమని చెప్పే 'అఖీమూ' కూడా అదే రూపంలో ఉన్నది. నమాజు ఆజ్ఞ స్త్రీలకు వర్తించదని ఎవరైనా అంటారా? అరబీ భాషలో ఆ రూపం ఇరువురినీ కలుపుకొంటుందని, వేరు చేయాలంటే ప్రత్యేక ఆధారం కావాలని నేనే ఎన్నోసార్లు నల్లబల్ల మీద రాసి చెప్పాను. ఆ పాఠాన్ని నా ఇంటికి అన్వయించుకోవడం మరిచిపోయాను. అమ్మాయికి జవాబు చెప్పలేదు. ఆ శుక్రవారం తర్వాత ప్రయాణమని మాత్రం అన్నాను.

చిన్న నడకలు

ఒక్కసారిగా పెద్ద కొండ ఎక్కించడం సరికాదు. మొదట ఒక ఉదయం ఫజర్ తర్వాత ఊరి వెలుపలి గుట్టకు వెళ్లాము. ఆమె సగం దూరంలోనే ఆగి, "ఇక చాలు" అన్నది. తిరిగి వచ్చాము. నేను దారి పొడవునా ఏదో ఒకటి బోధిస్తూనే ఉన్నందువల్ల కూడా అలసిపోయి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండవది తిమ్మమ్మ మర్రిమాను. కదిరికి ఇంచుమించు ఇరవై అయిదు కిలోమీటర్లు. ఐదెకరాల మేర ఊడలు దించి పాకిన ఆ ఒక్క చెట్టు 1989లో గిన్నిస్ రికార్డులకెక్కింది. అక్కడ ఎక్కవలసిన ఎత్తు లేదు. నీడలో చుట్టూ నడవవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు, పసిపిల్లల తల్లులకు అంతకంటే మంచి ఆరంభం లేదు. ఆ చెట్టుతో ముడిపడిన విశ్వాసాలు మనవి కావు. నీడ మాత్రం అందరిదీ. ఇరుగుపొరుగు వారి పవిత్ర స్థలంలో ఎలా మెలగాలో పిల్లలకు నేర్పడానికీ అదొక అవకాశం. గొంతు తగ్గించుకొని నడిచాము. మొదలు ఏదో, ఊడ ఏదో కనిపెట్టలేక మా మనవడు ఓడిపోయాడు. చాలా కాలం తర్వాత ఆమె నవ్వింది.

మూడవది బట్రేపల్లి జలపాతం. వానలు పడిన రోజుల్లోనే అక్కడ నీటి చప్పుడు వినిపిస్తుంది. ఎండాకాలంలో అది ఉత్త రాతిగోడ. తడిసిన బండలు జారుడుగా ఉంటాయి కనుక మేము దూరంగానే కూర్చున్నాము. కరవు నేలలో పుట్టినవారికి పైనుంచి పడే నీటిని చూస్తే మాట పెగలదు. ఆ రోజు నేనూ పెద్దగా మాట్లాడలేదు.

ఏనుగు మల్లమ్మ కొండకు

నవంబరు మొదటి వారంలో హార్స్‌లీ కొండలకు బయలుదేరాము. నేను, నా భార్య, అమ్మాయి, అల్లుడు, ఆరేళ్ల మనవడు. ఫజర్ ముగించి కదిరి వదిలి నల్లచెరువు, తనకల్లు, ములకలచెరువు మీదుగా సాగాము. దారి పొడవునా పొలాల్లో శెనక్కాయ కట్టె కుప్పలు వేసి ఉన్నది.

కారులోనే అల్లుడు ఒక మసాయిల్ లేవనెత్తాడు. మనం ఈ రోజు ముసాఫిర్లమా? జుహర్ నమాజు రెండు రకాతులా, నాలుగా? హనఫీ ఉలమాలు ఖస్ర్ వర్తించే దూరాన్ని ఈనాటి కొలతలో సుమారు 78 కిలోమీటర్లుగా లెక్కిస్తారు. ఆ లెక్క ఇంటి గడప నుంచి కాదు, ఊరి జనావాసం దాటిన చోటు నుంచి. మా దారి సరిగ్గా ఆ హద్దు అంచునే ఉన్నది. సందేహం ఉన్నచోట మూలమైన విధిని పూర్తిగా నెరవేర్చడమే జాగ్రత్త కనుక నాలుగు రకాతులే చేద్దామని నిర్ణయించాను. ఇలాంటి ప్రయాణం తలపెట్టేవారు దూరాన్ని ముందే తెలుసుకొని, తమ ఆలిమ్‌ను అడిగి బయలుదేరడం మంచిది.

హార్స్‌లీ కొండల ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్లు. మైదానంలో చెమట పట్టే వేళ కూడా పైన శాలువా కప్పుకోవాలనిపిస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో కడప జిల్లా కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు. డి. హార్స్‌లీ ఇక్కడి చల్లదనానికి ఆకర్షితుడై వేసవి విడిది కట్టించుకున్నందున కొండకు ఆయన పేరు వచ్చింది. ఆనాడు మదనపల్లెయే కాదు, మా కదిరి కూడా కడప జిల్లాలోనిదే. 1910లో కదిరిని అనంతపురంలో కలిపారు. మదనపల్లె గాలి ఆరోగ్యకరమని ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో క్షయరోగుల కోసం ఆరోగ్యవరంలో పెద్ద ఆసుపత్రినే నెలకొల్పారు. మందులు లేని కాలంలో వారికి ఇచ్చినది ముఖ్యంగా మంచి గాలి, వెలుతురు, విశ్రాంతి. ఇది చెబుతుంటే మా వైద్యురాలి మాట గుర్తుకు వచ్చి నేనే మధ్యలో ఆగిపోయాను.

అయితే కలెక్టరు రాకముందే ఆ కొండకు ఒక పేరున్నది. ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల మధ్య పెరిగి, అక్కడి అడవిజనానికి తోడుగా ఉండిన ఒక బాలిక కథను స్థానికులు చెబుతారు. కథలో నిజం ఎంతో అల్లాహ్‌కే ఎరుక. కాని ఆ కొండ మొదటి పేరు ఒక ఆడపిల్లదని విన్నప్పుడు మా అమ్మాయి నా వైపు చూసి చిన్నగా నవ్వింది.

వెనుదిరిగి చూస్తే

కొండపైకి మలుపులు తిరుగుతూ ఘాట్ రోడ్డు ఉన్నది. చివరి మూడు కిలోమీటర్లు నడుద్దామని కారు దిగాము. అల్లుడు కారుతో ముందుకు వెళ్లాడు. ఉదయం వేళ వాహనాలు తక్కువ. అంచు వెంబడి వరుసగా నడిస్తే ఇబ్బంది లేదు. నీలగిరి చెట్ల వాసన, తడి మట్టి వాసన కలిసి వస్తున్నాయి. ఇరవై ఆరేళ్లుగా కుర్రవాళ్లను నడిపించిన అలవాటు నాది. వారిని ఎప్పుడూ తొందరపెట్టేవాణ్ణి. ఆ అడుగు వేగమే నాకు వచ్చింది. మనవడు నా చేయి పట్టుకొని ఎగురుతూ వస్తున్నాడు. అమ్మాయి మా వెనుకే ఉన్నది. రెండు మలుపులు దాటిన తర్వాత వెనుదిరిగి చూస్తే నా భార్య లేదు.

ఆ కొద్ది నిమిషాలు నేను పడిన భయం రాయలేను. ఒక పక్క లోయ. ఆమెకు ఆయాసం వచ్చి ఎక్కడ కూలబడిందో, పిలిస్తే వినిపించలేదేమో అనుకుంటూ పరుగున దిగాను. కింది మలుపులో ఒక చెట్టు నీడన సీతాఫలాల గంప పెట్టుకొని ఒక పల్లె స్త్రీ కూర్చొని ఉన్నది. ఆమె పక్కన నా భార్య. బుర్ఖా ముసుగు పైకెత్తి, కాళ్లు చాపుకొని, పండు విప్పి తింటూ ఏదో చెబుతున్నది. దగ్గరకు వెళ్లేసరికి వినిపించింది. మా తల్లిగారి చివరి రోజుల గురించి చెబుతున్నది. ఏడాదిగా మాలో ఎవరితోనూ చెప్పని మాటలు, పేరు తెలియని ఆ స్త్రీతో చెబుతున్నది. ఆమె కూడా తన అత్తకు చేసిన సేవ గురించి చెబుతున్నది. ఇద్దరి కళ్లూ తడిసి ఉన్నాయి.

నన్ను చూసి ఆ స్త్రీ అన్నది: "ఏం సాయబూ, ఆడమనిషిని వెనకేసి అంత బిరబిరా పోతే ఎట్ల? నిదానంగా పొండి. కొండ యాడికి పోతాది?"

నేను సీరత్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఒక ప్రయాణంలో స్త్రీలు ఎక్కిన ఒంటెలను పాటతో వేగంగా తోలుతున్న అంజషా అనే ఒంటెవాణ్ణి దైవప్రవక్త (స) మందలించి, వారు గాజుపాత్రల వంటివారు, మెల్లగా తోలమని చెప్పిన హదీసు నాకు తెలియనిది కాదు. మరొక ప్రయాణంలో ఆయన సహచరులను ముందుకు పొమ్మని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. ఆ రోజు ఆమె గెలిచారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ పందెం వేసి తాను గెలిచి, దానికి ఇది చెల్లు అని హాస్యమాడారు. యావత్ అరేబియా భారం మోస్తున్న వ్యక్తికి భార్యతో పరుగెత్తడానికి తీరిక దొరికింది. నాకు భార్యతో సమానంగా అడుగు వేయడానికి ఇరవై ఆరేళ్లు తీరిక దొరకలేదు. ఆ పాఠాన్ని సీతాఫలాలు అమ్మే ఒక ముస్లిమేతర సోదరి నాకు మళ్లీ చెప్పవలసి వచ్చింది.

మిగిలిన దారి ఆమె నడిచిన వేగంతోనే నడిచాము. గంట పట్టవలసింది రెండు గంటలు పట్టింది.

గాలిబండ మీద

కొండపైన గంగోత్రి అనే చెరువు, పాత బంగళాలు, పందొమ్మిదవ శతాబ్దంలో నాటిన ఎత్తయిన నీలగిరి మాను ఉన్నాయి. అన్నిటికంటే ప్రసిద్ధమైనది గాలిబండ. పేరుకు తగినట్లే అక్కడ గాలి నిలువనీయదు. కింద మైదానం, చిన్న చిన్న గుట్టలు, వాటి మధ్య అద్దాల ముక్కల్లా మెరిసే చెరువులు. ఆ పక్కనే రిషి వ్యాలీ. ఒకప్పుడు బీడుపడి ఉన్న లోయను చెట్లు నాటి, వాన నీటిని కట్టలతో ఆపి పచ్చగా మార్చుకున్నారు అక్కడివారు. కరవు నేలకు చెందిన మాకు అది కేవలం దృశ్యం కాదు, చేయదగిన పని.

నేను అలవాటు చొప్పున పర్వతాలను మేకులతో పోల్చిన ఆయతు గురించి మొదలుపెట్టాను. ఆమె చేయి ఎత్తి, "కాస్త ఆగండి. ముందు చూడనివ్వండి" అన్నది.

ఆగాను. ఖుర్ఆన్ అడిగినది కూడా ముందు చూడమనే కదా! చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత ఆమె అన్నది: "అత్తమ్మ కూడా ఇది చూసి ఉంటే బాగుండేది. నన్ను అడిగితే ఎత్తుకొనైనా తెచ్చేదాన్ని."

దానికి నా వద్ద జవాబు లేదు. ఆ క్షణంలో నా మనసులోకి వచ్చినది హజ్రత్ హాజిరా (అ). పంట పండని లోయలో పసివాడైన ఇస్మాయీల్ (అ)తో ఒంటరిగా ఉండి, బిడ్డ దాహానికి నీటి కోసం సఫా నుంచి మర్వాకు, మర్వా నుంచి సఫాకు ఏడుసార్లు తిరిగిన తల్లి. ఆ రెండు కొండల నడుమ దూరం ఇంచుమించు 450 మీటర్లు. ఏడు మార్లు కలిపితే మూడు కిలోమీటర్లకు పైగా. ప్రపంచంలో ఏ కొండ దారినీ అంతమంది నడిచి ఉండరు. హజ్‌కు, ఉమ్రాకు వెళ్లిన ప్రతి పురుషుడూ, అతడు పండితుడైనా రాజైనా, కరవు నేలలో నీటి కోసం తిరిగిన ఒక స్త్రీ అడుగుజాడలలో నడిచి తీరాలి. అది లేక అతని హజ్ పూర్తి కాదు. కొండ ఎక్కడం స్త్రీలకు తగునా అని మా వీధిలో ఒక పెద్దమనిషి నన్ను అడిగి ఉన్నారు. ఇంతకంటే మంచి సమాధానం నాకు తెలియదు.

జుహర్ వేళకు శుభ్రమైన ఒక బండ చూసుకున్నాము. భూమి అంతా ఈ ఉమ్మత్‌కు నమాజు స్థలంగా చేయబడిందన్న శుభవార్త ఇలాంటి చోటనే బాగా అర్థమవుతుంది. వుజూకు మనిషికి ఒక సీసా నీళ్లు. దైవప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో, అంటే దోసిలి కొలత నీటితో వుజూ చేసేవారని చెబితే మనవడు తన సీసాలో సగం మిగిల్చి చూపించాడు. మా ప్రాంతం నుంచి ఖిబ్లా పడమటికి కాస్త ఉత్తరంగా ఉంటుంది. నేను, అల్లుడు, పిల్లవాడు ముందు, తల్లీకూతుళ్లు వెనుక నిలబడ్డాము. సలాం చెప్పిన తర్వాత కూడా ఆమె చాలాసేపు దుఆలో ఉండిపోయింది. ఏమి అడిగిందో నేను అడగలేదు.

బయలుదేరేవారికి కొన్ని మాటలు

ప్రియ పాఠకులారా! అక్టోబరు, నవంబరు మాసాలే ఇందుకు తగిన కాలం. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజున మాత్రం వెళ్లకండి. కొండ మీద వాన వచ్చిందంటే మంచు కమ్మి రెండడుగుల దూరం కనిపించదు. ఫజర్ తర్వాత బయలుదేరి మగ్రిబ్‌కు ముందే కొండ దిగాలి. అడవి దారులలోకి అటవీ సిబ్బందిని అడగకుండా వెళ్లవద్దు. అది ఎలుగుబంట్లు తిరిగే అడవి.

స్త్రీలు చెప్పులకు బదులు అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి. బుర్ఖా అంచు మడమ దాటి నేల రాయకుండా ఉండాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు మందులతోపాటు బెల్లం ముక్కనో, ఖర్జూరాలనో దగ్గర ఉంచుకోవాలి. కోతులకు తిండి పెట్టవద్దు, వాటి ముందు సంచి విప్పవద్దు. తిన్న తర్వాత పొట్లాలు, సీసాలు తిరిగి ఇంటికి తీసుకురండి. దారిలోని హాని కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటని నేర్చుకున్న మనం, దారిలో అలాంటి వస్తువును వదిలి రావడం ఎంత సిగ్గుచేటు!

అన్నిటికంటే ముఖ్యమైనది: గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు నడిపించండి. ఇంటి యజమాని చివర ఉండాలి.

ఒక్క కొండతో మా ఇంట్లో అంతా చక్కబడిందని చెప్పను. ఆమె మౌనంగా ఉండే రోజులు ఇంకా వస్తాయి. కాని ఇప్పుడు వారానికి రెండు రోజులు అసర్ తర్వాత మా వీధి స్త్రీలు నలుగురు ఆమెతో కలిసి చెరువు కట్ట దాకా నడిచి వస్తున్నారు. వచ్చే స్వాతి కార్తెలో మదరసా బాలికల కోసం, వారి తల్లుల కోసం ఒక రోజు నడక పెట్టాలని నిర్ణయించాము, ఇన్షా అల్లాహ్. ఆ రోజు నేను చివరన నడుస్తాను. అందరూ చూడడం ముగించిన తర్వాతే పాఠం మొదలుపెడతాను.

మన ఇళ్లలో ఇతరుల కోసం అలసిపోయినవారికి అల్లాహ్ తన విశాలమైన భూమిని చూసే భాగ్యాన్ని ప్రసాదించుగాక! వారి అడుగుతో అడుగు కలిపే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.